రెండువందల పద్నాలుగు సైటేషన్లు

డాక్టర్ వాణి పొద్దున లేవగానే దేవుడి పటం వైపు కాదు, ఫోను వైపు చూస్తుంది. ఎవరి కబురు కోసమో కాదు లెండి. ఆమె రాసిన పరిశోధన పత్రాలను ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలు తమ పత్రాల్లో ప్రస్తావించారో లెక్కగట్టి చూపించే పేజీ ఒకటుంది. ఆ ప్రస్తావనలకే సైటేషన్లని పేరు. నిన్న మూడువందల ఇరవై ఐదు ఉన్నవి ఇవాళ మూడువందల ఇరవై ఆరు అయ్యాయనుకోండి, ఆ పూట కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయినా ఆమెకు తెలియదు. పెరగని రోజున మాత్రం ఇంట్లోవాళ్ళు కాస్త తప్పుకు తిరగడమే క్షేమం.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ పిచ్చికి ఓ కారణం ఉంది. రాయచూరులో ఆమె కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో, రెండో అంతస్తు చివర ఒక గది ఉంది. ఎండాకాలం అందులో నిలబడితే నెత్తి మాడిపోతుంది. అయినా సరే, పదకొండేళ్ళు ఒక్కొక్క సీసా, ఒక్కొక్క యంత్రం పోగేసి వాణి దాన్ని ప్రయోగశాల చేసుకుంది. సింధనూరు వైపు కాలువ కింద వరి పండించుకునే రంగయ్య కూతురు, గాజు పళ్ళేల్లో జీవకణాలు పెంచుతుందని ఎవరనుకున్నారు? రంగయ్య అయితే ఇప్పటికీ ఎవరన్నా అడిగితే, 'మా అమ్మాయిదీ నారుమడి పనే, కాకపోతే కంటికి కనపడదు' అంటాడు.

ఆ గదికి యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన కేంద్రమని గుర్తింపు ఇస్తే అక్కడ పీహెచ్‌డీ చేయించవచ్చు. ఇవ్వకపోతే గదిని కంప్యూటర్ల వాళ్ళకు ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ విజయేంద్ర మొహమాటం లేకుండా చెప్పేశాడు. గుర్తింపు కావాలంటే మూడువందల సైటేషన్లు ఉండాలి. ఉన్నాయి. గదిని చూడటానికి యూనివర్సిటీ కమిటీ వచ్చేది సెప్టెంబరు పద్దెనిమిదిన. చిక్కసూగూరు నుంచి రోజూ బస్సులో వచ్చి వాణి దగ్గర పనిచేసే కావేరి ఆ గదిలో మొదటి పీహెచ్‌డీ విద్యార్థి కావాలని వేరే ఊళ్ళో వచ్చిన సీటు కూడా వదులుకుని కూర్చుంది.

ఇంతకూ ఆ మూడువందల ఇరవై ఆరులో రెండువందల పద్నాలుగు ఒక్క పేపర్‌వే. ఆరేళ్ళ కిందటిది. వాణి ఒక రంగు తయారుచేసింది. మామూలుగా అది మసక పసుపు. బతికున్న కణాల మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే పచ్చగా వెలిగింది. కణంలో సహజంగా ఉండే జింకును ఈ రంగు పట్టి చూపిస్తోందని వాణి రాసింది. జింకును లాగేసే మందు వేస్తే వెలుగు ఆరిపోయింది కూడా. ఇంకేం రుజువు కావాలి? పేపర్ చివర సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పే చోట ల్యాబ్ అటెండరు హంపయ్య పేరు కూడా వేసింది. హంపయ్య ఆ పేజీని లామినేషన్ చేయించి చంద్రబండలో తన ఇంట్లో పెళ్ళిఫోటో పక్కన తగిలించుకున్నాడు. ఇంగ్లీషు రాని చుట్టాలకు తన పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాడు.

కమిటీకి చూపించడానికి కొత్త ఫోటోలు ఉంటే బాగుంటుందనిపించి, జూలైలో వాణి అదే ప్రయోగం మళ్ళీ చేయమని కావేరికి అప్పగించింది. వారం రోజుల పని. కావేరి చేసింది. కణాలు వెలగలేదు.

మళ్ళీ చేసింది. వెలగలేదు. రంగు పాతబడిందేమోనని కొత్తగా తయారుచేశారు. కణాలు నీరసించాయేమోనని కొత్త కణాలు తెప్పించారు. మైక్రోస్కోపు దీపం మార్చారు. కాలుగాలిన పిల్లిలా వాణి ఆ గదిలో తిరగని చోటు లేదు. చివరకు మార్చడానికి ఇంకేం మిగల్లేదు, కావేరి తప్ప. ఆగస్టు మొదటివారంలో ఓ మధ్యాహ్నం, అందరూ వింటుండగా, నీకు చేతిలో శ్రద్ధ లేదు, రోజూ బస్సు టైమ్ చూసుకుంటూ పనిచేస్తే ఇలాగే ఏడుస్తుంది అని వాణి ఆ పిల్లను కడిగిపారేసింది. కావేరి గ్లవ్స్ తీసి బల్లమీద పెట్టి, బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపటికి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి మళ్ళీ గ్లవ్స్ వేసుకుంది.

మర్నాడు వాణి తనే చేసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు కూడా తాగకుండా, ఆరేళ్ళ కింద ఎలా చేసిందో అలాగే. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూస్తే చీకటి. పక్కన నిలబడ్డ కావేరి వైపు చూడటానికి మొహం చెల్లలేదు. అయినా చూసింది. నిన్న అన్నమాట తప్పని చెప్పి, మన్నించమని అడిగింది. కావేరి టీ తెస్తానని బయటికి పోయింది.

అప్పటికీ ఇప్పటికీ మారింది ఏమిటని ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకున్నారు. పట్టీ చివర మిగిలింది ఒక్కటే. కణాలు పెంచే పల్చటి గాజుబిళ్ళలను ముందు ఆవిరిలో ఉడికించి, క్రిముల్లేకుండా శుభ్రం చేయాలి. దానికి ఆటోక్లేవ్ అనే యంత్రం కాలేజీకి వచ్చి రెండేళ్ళే అయింది. అంతకుముందు ఆ పని హంపయ్యది. వంటింటి అల్యూమినియం కుక్కరే యంత్రం. చిన్న ఊళ్ళ కాలేజీల్లో అది మామూలే, ఎవరూ సిగ్గుపడరు.

వాణి హంపయ్యను పిలిచి, అప్పట్లో ఎలా చేసేవారో అచ్చం అలాగే చేసి చూపించమంది. ఇంకో మూణ్ణెల్లలో రిటైరయ్యే హంపయ్యకు తన పాత పని ఇన్నాళ్ళకు అక్కరకొచ్చినందుకు మహా సంబరమైంది. బీరువా మీంచి కుక్కర్ దించాడు. దులిపాడు. గాజుబిళ్ళలు అడుగున పరిచాడు. నీళ్ళు పోశాడు. ఆ తర్వాత కిందికి వెళ్ళి క్యాంటీన్‌లో ఏదో అడిగి తెచ్చి, కాగితం పొట్లం విప్పి, నిమ్మకాయంత చింతపండు ఉండ తీసి కుక్కర్లో వేశాడు.

వాణి లేచి కుక్కర్ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది.

"అదేంటి హంపయ్యగారూ?"

"చింతపండు మేడమ్. వేయకుంటే కుక్కర్ లోపల నల్లగైతది. అప్పట్ల మీరే తిట్టిన్రు గదా, కుక్కర్ గింత నల్లగుంటే గాజు ఎట్ల సాఫుంటదని. ఇంట్ల మా శరణమ్మను అడిగిన. గింత చింతపండు ఎయ్యి, తళతళ మెరుస్తదన్నది. అప్పటిసంది వేస్తనే ఉన్న."

"ప్రతిసారీ వేశారా?"

"ప్రతిసారి. మీ పనిల ఎన్నడన్న కంజూసు చేసిన్నా?"

లేదు. ఆ మాట నిజం. ఆయన ఏనాడూ చేయలేదు. బోరునీళ్ళకు కుక్కర్ నల్లబడటం, చింతపండు వేసి తెల్లబరచడం, ఆ ఊళ్ళో ఏ వంటింట్లోనైనా కనబడే సంగతే. వాణి అమ్మ వెంకటరత్నమ్మ కూడా వేస్తుంది. చింతపండు పులుపు అల్యూమినియాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుందని కెమిస్ట్రీలో డాక్టరేట్ ఉన్న వాణికి ఒకరు చెప్పాలా? అలా కరిగినది గాజుబిళ్ళలకు అంటుకుంది. దాని మీద కణాలు పెరిగాయి. జింకును లాగేసే మందు అల్యూమినియాన్నీ లాగేస్తుంది. అన్నీ తెలుసు. తెలియనిది ఒక్కటే, గాజుబిళ్ళలు ఎలా కడుగుతున్నారన్నది. ఆరేళ్ళలో ఒక్కసారి కుక్కర్ మూత తీసి చూసిన పాపాన పోలేదు.

హంపయ్య బిళ్ళల మీద కణాలు పెంచి చూస్తే పచ్చగా వెలిగాయి. ఆటోక్లేవ్ బిళ్ళల మీద చూస్తే చీకటి. ఆటోక్లేవ్ బిళ్ళల మీద రవ్వంత అల్యూమినియం ఉప్పు వేసి చూస్తే, కావేరి కళ్ళు చికిలించి వెనక్కి జరిగింది. అంత వెలుగు.

కావేరి మొహం విప్పారింది. జింకును కాకపోతేనేం, అల్యూమినియాన్ని ఇంత బాగా పట్టిచ్చే రంగు దొరికింది కదా మేడమ్ అంది. నిజమే. తాగే నీళ్ళలో, వండే గిన్నెల్లో ఉన్న అల్యూమినియం ఒంట్లోకి ఎంత పోతోందో చూడటానికి పనికొచ్చే రంగే. కానీ వాణి చెవికి ఆ మాట ఎక్కలేదు. ఆమె బుర్రలో ఒకటే కూడిక, తీసివేత. మూడువందల ఇరవై ఆరులోంచి రెండువందల పద్నాలుగు తీసేస్తే నూటపన్నెండు.

ఆ పేపర్లో రెండో పేరు జయతీర్థగారిది. వాణికి పీహెచ్‌డీ చేయించిన గురువు, ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత మెల్లగా, తప్పు సరిదిద్దాలి, అందులో రెండోమాట లేదు, కానీ కమిటీ వచ్చి వెళ్ళాక సరిదిద్దుకుందువు గానీ అన్నాడు. ఆరేళ్ళు ఆగిన తప్పు ఆరు వారాలు ఆగలేదా అని అడిగాడు. గుర్తింపు వస్తే గది నిలుస్తుంది, ఆ పిల్ల నిలుస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా నిజం చెప్పుకోవచ్చు. మంచిమనిషే. వాణి మంచి కోరే చెప్పాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడు చెప్పి ఉంటే కాదనడం తేలికయ్యేది.

తొమ్మిది రోజులు వాణి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పొద్దున్నే ఫోను చూడటం మాత్రం మానలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఆ పాడు పేపర్‌కు ఇంకో రెండు సైటేషన్లు పెరిగాయి. వాటిని చూస్తే, తెలియని మనిషి పిలిచి అన్నం పెడుతుంటే కడుపు నిండి కూడా కాదనలేక తింటున్నట్టు ఉంది.

పదోరోజున హంపయ్య గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ గదిలోకి అడిగి వచ్చింది అదే మొదటిసారి. తన వల్ల ఏదో గల్తీ జరిగిందని కావేరిని అడిగి తెలుసుకున్నాడట. వాణి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"మేడమ్, కితాబుల నుంచి నా పేరు తీసేస్తరా?"

వాణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె గుంజాటన పడుతున్నది తన గది గురించి. ఈయన పాపం, గోడమీది కాగితం గురించి వారం రోజులుగా నిద్రలేకుండా ఉన్నాడు.

"తీసేయనండి. మీరేం చేశారో ఈసారి సరిగ్గా రాస్తాను. మిమ్మల్ని నేను అడగలేదని కూడా రాస్తాను. తప్పు అక్కడుంది."

హంపయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. కానీ కదల్లేదు. ఆ రెండునూర్ల మందికి ఈ సంగతి తెలుసా అని అడిగాడు. తెలియదని చెప్పింది వాణి. ఎప్పుడు చెబుతారని అడిగాడు. కమిటీ పోయాక అనబోయి ఆగిపోయింది. ఆయన అర్థం చేసుకున్నాడు.

"తెల్వక చేసిన గల్తీ అయితే చింతపండు మీద వేయొచ్చు మేడమ్. తెలిసినంక చెప్పకుంటే అది చింతపండు మీద వేయరాదు."

అంతే అని వెళ్ళిపోయాడు. ఆయనకు తను పెద్ద మాట అన్నానన్న ధ్యాస కూడా లేదు, పోతూ పోతూ వరండాలో కుళాయి కట్టేసి పోయాడు. వాణి ఆ సాయంత్రమే ఆ పేపర్ అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాసింది. మా పేపర్లోని ముఖ్యమైన మాట తప్పు, వెలిగించింది జింకు కాదు, అల్యూమినియం, అది ఎలా వచ్చిందంటే ఇలా అని, కుక్కర్నీ చింతపండునీ దాచకుండా రాసింది. జయతీర్థగారు అరగంట గొణిగి, తన సంతకం కూడా పంపించాడు.

సెప్టెంబరు పద్దెనిమిదిన కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు కృష్ణాబాయి, రిటైరైన ప్రొఫెసరు, కళ్ళద్దాల మీంచి చూసే మనిషి. దరఖాస్తులో వాణి తన చేత్తోనే మూడువందల ఇరవై ఆరు కొట్టేసి నూటపన్నెండు అని రాసింది. ఎందుకని ఆవిడ కన్నడంలో అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పింది. పక్కన కూర్చున్న విజయేంద్ర మొహం కందగడ్డైంది. మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదుగా అని ఆవిడ అంది. తెలిసేది కాదని వాణి ఒప్పుకుంది. రూలు రూలే. గుర్తింపు రాలేదు. అయితే ఆవిడ నివేదిక చివర, ఈ గదిని ఒక సంవత్సరం పాటు ఎవరికీ ఇవ్వవద్దు, మళ్ళీ వచ్చి చూస్తాం అని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. విజయేంద్ర నెల రోజులు వాణితో ముక్తసరిగానే మాట్లాడాడు. కావేరి బస్సు పాసు మాత్రం మళ్ళీ తీసుకుంది.

ఇక ఉన్నదల్లా అల్యూమినియం రంగు. ఇద్దరూ దాని మీద కొత్త పేపర్ రాసి పంపించారు. పత్రికవాళ్ళు గట్టివాళ్ళు. ఒకసారి పొరబడ్డ చెయ్యి మళ్ళీ పొరబడదని నమ్మకమేమిటి, శుభ్రమైన గాజు మీద ఈ రంగు వెలగదని ఇంకో ప్రయోగశాలలో ఎవరైనా చూశారా, రుజువు చూపించండి అన్నారు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. వాణికి ఆశ పుట్టింది. పాత పేపర్‌ను ప్రస్తావించినవాళ్ళు రెండువందలకు పైనే ఉన్నారు కదా, వాళ్ళలో పదిమందైనా ఆ ప్రయోగం చేసి ఉండరా? ఇద్దరూ కూర్చుని అందరికీ ఈమెయిల్ పెట్టారు. మా తప్పు ఇది, మీరు మా రంగు వాడి చూశారా, మీకు వెలిగిందా, లేదా?

నలభై ముగ్గురు జవాబిచ్చారు. అందరూ మర్యాదస్తులే. మీ నిజాయితీకి జోహార్లు అన్నారు. ప్రయోగం చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. తమ పత్రాల ముందుమాటలో నలుగురి పేర్లు చెప్పాలి గనక చెప్పారు, ఒకరిని చూసి ఒకరు. వాణి ఆ జవాబులన్నీ చదివింది. ఆరేళ్ళు పొద్దున్నే లేచి లెక్కపెట్టుకున్నది ఇదా అని ఆమెకు తనమీద తనకే ఒళ్ళు మండింది. ఆ మర్నాటి నుంచి పొద్దున ఫోను ముట్టుకోవడం మానేసింది.

డిసెంబరులో, పత్రికలో దిద్దుబాటు అచ్చయిన పదిరోజులకు, తెలుగులో ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినామె పేరు లక్ష్మీతిరుపతమ్మ, కాకినాడ దగ్గర ఒక బడిలో సైన్సు టీచరు. వీళ్ళు ఈమెయిల్ పెట్టినవాళ్ళలో ఆ పేరు లేదు. నాలుగేళ్ళ కింద పీహెచ్‌డీలో చేరి, మీ పేపర్ చూసి ఆ ప్రయోగమే మొదలుపెట్టాను మేడమ్ అని రాసింది. పదిహేడుసార్లు చేసిందట. పదిహేడుసార్లూ చీకటే. ఇంతమంది ఒప్పుకున్నది నీకే రాలేదంటే లోపం నీ చేతుల్లో ఉందని గైడు అన్నాడట. ఆమె కూడా అదే అనుకుని మానేసి వచ్చేసిందట. ఎవరికీ చెప్పుకోలేదు, రాని ఫలితాన్ని ఏ పత్రిక వేస్తుంది? అడుగున ఫోను నంబరు ఉంది.

వాణి వెంటనే ఫోన్ చేసింది. క్షమాపణ ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంది గానీ, చెప్పే అవకాశం రాలేదు. అవతల పిల్లల గోల, ఎవరో బెంచీలు జరుపుతున్న చప్పుడు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్కటి అడుగుతానండీ. నా చేతులు మంచివేనంటారా?"

ఆ గోలలో వినపడేలా వాణి గట్టిగానే చెప్పింది. కావేరి అక్కడే ఉంది, వింటోంది.

"మంచివేనమ్మా. పదిహేడుసార్లు నిజమే చెప్పాయి. మేమే తప్పు చెప్పాం. నీ నోటుపుస్తకం ఉందా? మాకు కావలసిన రుజువు నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు."

పారేయబుద్ధి కాలేదండీ అంది ఆ అమ్మాయి. ఇంకేదో అనబోయింది గానీ ఏడుపు వచ్చింది. క్లాసు ఉంది, సాయంత్రం చేస్తానని పెట్టేసింది.

నాలుగోరోజుకు కొరియర్లో నోటుపుస్తకం వచ్చింది. గుండ్రటి అక్షరాలు. తేదీ, గాజు ఎలా కడిగారు, ఎన్ని నిమిషాలు ఉడికించారు, నీళ్ళు ఎక్కడివి, అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. వాణి తన జీవితంలో అంత శుభ్రమైన నోటుపుస్తకం రాసి ఎరగదు. ఒక్కొక్క ప్రయోగం కింద 'వెలుగు లేదు' అని రాసి ఉంది. పదిహేడోదాని కింద మాత్రం, పెన్సిలుతో, చిన్నగా, 'తప్పు నాదే' అని ఉంది.

పుస్తకం మొత్తం మీద తప్పు ఆ ఒక్కమాటే. వాణి ఆ పేజీ కావేరికి చూపించి, పేపర్లో మొదటి పేరు ఎవరిదో ఇక నేను చెప్పక్కర్లేదుగా అంది. కావేరి అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేరు రెండో చోటికి జరుపుతోంది.